ఎక్కడికని అడగకూడదు

మా వదిన కారు చూసి నవ్వని మనిషిని నేను క్రోయిడన్‌లో చూడలేదు. ట్రామ్ కోసం నిలబడ్డవాళ్లు నవ్వేవాళ్లు. చెత్త బిన్నులు ఎత్తుకెళ్లే లారీవాళ్లు హారన్ కొట్టి మరీ నవ్వేవాళ్లు. నిస్సాన్ ఫిగరో అని, పాతికేళ్ల కిందట జపాన్‌లో కుర్రకారు మోజుపడి కొనుక్కోవాలని, కావాలనే పాతకాలం బండిలా చేసిన చిట్టి కారు అది. గుండ్రటి దీపాలు, బొద్దు ముక్కు, వెనక్కి మడిచేసుకునే గుడ్డ టాపు. ఒక్క ఏడాదే చేశారట. జనం ఎగబడితే లాటరీ వేసి ఇచ్చారట. రంగులు నాలుగే, కాలానికొకటి. వదినది నీలమో ఆకుపచ్చో ఎవరూ తేల్చలేని రంగు. "ఇది ఎండాకాలం రంగు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది.

వదిన పేరు శివపార్వతి. మా ఆయన జయకృష్ణకి అక్కగారు. ఆవిడ భర్త, మా అన్నయ్యగారు పార్థసారథి పోయిన ఏడాదికి ఆ కారు కొంది. ఇక్కడి తెలుగువాళ్లలో పెద్దావిడ పుష్పలీల ఆంటీ లాంటివాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. మొగుడు పోయిన మనిషి, అరవై దగ్గర పడుతోంది, టాపు తీసేసిన కార్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని తిరగడమేమిటని. ఆ మాటలు చెవిన పడ్డాక వదిన వెళ్లి తలకి కట్టుకోవడానికి ఒక ఎర్ర స్కార్ఫు కొనుక్కుంది. అదీ మనిషి.

వాడన్‌లో ఇల్లు కూడా వదినదే. ఆవిడ ఒక్కతే అయిపోయిందని మేం అద్దె ఫ్లాట్ ఖాళీ చేసి వచ్చి తోడున్నామని మేం చెప్పుకుంటాం. వచ్చి తన నెత్తిన కూర్చున్నామని వదిన చెప్పేది. రెండూ నిజమే. నాకు డ్రైవింగ్ రాదు. నేర్చుకుంటానని ఎప్పుడన్నా అంటే "నేనున్నా కదే" అనేది. ఈ దేశంలో నేను చూసిందంతా ఆ కారు ఎడమ సీట్లో కూర్చుని చూసిందే.

2015 మే నెలలో ఒక శనివారం పొద్దున మొదలైంది. అప్పుడు మొదలైందని మాకు తర్వాత తెలిసింది. వదిన స్కార్ఫు కట్టుకుని, వెంకటేశ్వరస్వామి క్యాలెండరు పక్కన మేకుకి తగిలించిన తాళాలు తీసుకుని, "బయల్దేరుతున్నా" అంది. మా అపూర్వ టేబుల్ దగ్గర సీరియల్ తింటోంది. పదమూడేళ్ల పిల్ల, ఇక్కడే పుట్టింది, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"వేర్ ఆర్ యూ గోయింగ్, అత్తా?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా ఇంట్లో ఇంకేమన్నా అనొచ్చుగానీ, గుమ్మం దాటే మనిషిని ఎక్కడికని అడగకూడదు. తెనాలి నుంచి వదిన ఓడెక్కించి తెచ్చుకున్న ఆచారాల్లో మిగతావన్నీ ఈ దేశం చలికి ఒక్కొక్కటే రాలిపోయాయి, ఇదొక్కటి ఉండిపోయింది. అడిగితే వెళ్లిన పని కాదు. అంతగా తెలుసుకోవాలనుంటే "దూరమా?" అని అడగాలి. నోరుజారి ఎవరన్నా ఎక్కడికని అనేస్తే, వెళ్లే మనిషి వెనక్కి వచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరాలి.

"అప్పూ, ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అన్నాను.

"ఇంగ్లీషులో అడిగితే తగలదనుకుందేమోలే" అంటూ వదిన వెనక్కి వచ్చింది. చెప్పులు విప్పింది. గ్లాసుతో నీళ్లు తాగింది. సోఫాలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంది. నేను పప్పులో పోపు పెట్టి వచ్చేసరికి అక్కడే ఉంది. బట్టలు మడిచి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది, తలకి స్కార్ఫుతో, ఒళ్లో తాళాలతో, టీవీ చూస్తూ.

శకునం బాగాలేదని ప్రయాణం మానుకుందేమో అనుకున్నాను. అపూర్వని ఇంకో రెండు మాటలు అన్నాను కూడా.

జూన్‌లో పుష్పలీల ఆంటీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వాళ్లిల్లు మిచమ్‌లో. వదినకి ఆ దారి కళ్లు మూసుకున్నా వస్తుంది. టాపు తీసేశాం. ఇక్కడ అలాంటి ఎండ కాస్తే జనం పండగ చేసుకుంటారు. జపాన్ రేడియో కాబట్టి ఇక్కడి స్టేషన్లలో సగం దానికి అందవు. పట్టేది ఒక్క రేడియో టూ. అది పాడుతుంటే వదిన స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తోంది. నా ఒళ్లో ప్రసాదానికని చేసిన రవ్వకేసరి గిన్నె.

పర్లీ వే మీద రౌండబౌట్ దగ్గరికి వచ్చాం. వదిన లోపలికి తిప్పింది. మిచమ్ వైపు దారి వచ్చింది, వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లిపోయింది. మేం చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. పక్కన వ్యాన్‌లో ఒకతను వేగం తగ్గించి దారిచ్చి, బొటనవేలు పైకెత్తాడు. ఇంకొక కార్లో పిల్లలు కిటికీలోంచి ఫోటో తీశారు.

"ఏంటి వదినా, ప్రదక్షిణాలా?" అన్నాను.

వదిన నవ్వింది. "చూడనీవే. ఊరికే దాటిపోతే ఎవరు చూస్తారు ఈ బండిని?"

నేనూ నవ్వాను. నిజంగా సరదాగా ఉంది. ఎండ, పాట, గిన్నెలో నేతి వాసన. చివరికి ఏదో ఒక దారిలోకి తిప్పింది. చాలా దూరం చుట్టి, వ్రతం సగమయ్యాక చేరాం. "ఎండ బాగుందని అలా తిరిగొచ్చాం" అని వదిన చెబితే పుష్పలీల ఆంటీ మూతి తిప్పుకుంది.

ఇప్పుడు అనుకుంటాను. అదే మామూలు కారైతే వెనకవాళ్లు హారన్లతో చెవులు పగలగొట్టేవాళ్లు. కిటికీ దించి నాలుగు తిట్టేవాళ్లు. ఎవరో ఒకరు కసురుకుంటే మాకు ముందే తెలిసేది. ఆ బండి ముద్దుగా ఉండబట్టి, వదిన ఎన్నిసార్లు దారి తప్పినా ఊరు ఊరంతా నవ్వి దారిచ్చింది.

జూలైలో మా ఆయన ఒకరోజు కారు తుడిచి లోపలికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "అక్క ఎటు తిరుగుతోంది హైమా? ఆదివారం ట్యాంకు నింపాను. అప్పుడే అడుగంటింది."

"మీ అక్కనే అడగండి."

"ఎలా అడుగుతానే, బయల్దేరే మనిషిని?"

"వచ్చాక అడగండి."

"వచ్చాక ఏదో ఒకటి తెస్తుంది కదా. ఇక అడగడానికేముంటుంది?"

అదీ నిజమే. వదిన ఎప్పుడూ ఖాళీ చేతుల్తో రాలేదు. ఒకరోజు కరివేపాకు, ఒకరోజు కొవ్వొత్తులు, ఒకరోజు మేం ఎవరం తినని చేప. ఆ చేప ఎందుకు తెచ్చిందో కూడా అడగలేదు. పిల్లకి వండిపెట్టాలనుకుందేమో అని మేమే సర్దిచెప్పుకున్నాం. మనిషి కులాసాగా ఉంది, నవ్వుతోంది, అద్దాలు పెట్టుకుంటోంది. మొగుడు పోయిన దుఃఖంలోంచి ఇప్పటికి తేరుకుంది, తిరగనీ అనుకున్నాం.

ఆగస్టులో, స్కూలు సెలవుల్లో. నేను స్కూల్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర పనిచేస్తాను కాబట్టి నాకూ సెలవులే. వదిన పొద్దున టిఫిను తిని బయల్దేరింది. "కొత్తిమీర అయిపోయింది" అంది. లండన్ రోడ్డు కొట్లకే కదా అనుకున్నాను. మధ్యాహ్నం అన్నాలకి రాలేదు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తదు. సాయంత్రం టీ వేళ దాటాక వదిన నంబరు నుంచే ఫోన్ వచ్చింది. మాట్లాడింది మాత్రం వదిన కాదు, పోలీసమ్మాయి. హార్లీ దగ్గర మొక్కలమ్మే ఒక గార్డెన్ సెంటర్ కార్ పార్కులో ఉన్నారట. పెద్దావిడ క్షేమంగానే ఉన్నారు, ఎవరన్నా రాగలరా అంది.

హార్లీ ఎక్కడ, మా లండన్ రోడ్డు ఎక్కడ. కొత్తిమీరకి అంత దూరమా. నేనూ అపూర్వా ఈస్ట్ క్రోయిడన్ వెళ్లి రైలెక్కాం. మా ఆయన ఆఫీసు నుంచి అటే వస్తానన్నాడు. రైల్లో అపూర్వ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. పెద్దదయ్యాక నా చెయ్యి పట్టుకోవడం ఎప్పుడో మానేసిన పిల్ల.

కార్ పార్కు దాదాపు ఖాళీ అయింది. వదిన కారు గీతల మధ్య ముచ్చటగా పెట్టి ఉంది. టాపు తీసి ఉంది. వదిన డ్రైవర్ సీట్లో నిటారుగా కూర్చుంది, స్కార్ఫు చెదరలేదు. కారు పక్కన పోలీసమ్మాయి, గార్డెన్ సెంటర్ పచ్చ ఏప్రన్ వేసుకున్న ఒకావిడ. పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నారని ఏప్రన్ ఆవిడ చెప్పింది. కారుని చూపించడానికి తెచ్చారేమో అనుకున్నారట. మధ్యాహ్నమంతా జనం వచ్చి ఫోటోలు తీసుకున్నారట. అందరితోనూ ఎంతో బాగా మాట్లాడారట. సాయంత్రం గేటు వేసే వేళకి ఎక్కడికి వెళ్లాలండీ అని అడిగితే మాత్రం కోపమొచ్చిందట.

నన్ను చూసి వదిన మొహం వికసించింది. "వచ్చావా. చూడు హైమా, ఈ పిల్ల వచ్చినప్పట్నుంచీ ఎక్కడికి, ఎక్కడికి అని ఒకటే పోరు. నీళ్లన్నా ఇవ్వదు. ఇంట్లో పెద్దవాళ్లు నేర్పలేదు కాబోలు."

నేను కారు తలుపు పట్టుకుని వంగాను. చెవి దగ్గర మెల్లిగా అడిగాను. "కొత్తిమీర దొరికిందా వదినా?"

ఆవిడ నా కళ్లలోకి చూసింది. అప్పుడు చూశాను ఆ భయాన్ని. అది ఆ పూట పుట్టింది కాదు. ఎన్నాళ్లుగానో ఆ నల్లద్దాల వెనక దాచుకున్నది.

"కొత్తిమీర కోసమా నేనొచ్చింది?" అంది.

మా ఆయన వచ్చాక నలుగురం ఆ చిట్టి కార్లోనే ఇంటికి బయల్దేరాం. ఆయన నడిపాడు. వదిన ఎడమ సీట్లో. రెండు బొమ్మలు కూర్చోడానికి తప్ప పనికిరాని వెనక సీట్లో నేనూ అపూర్వా, మోకాళ్లు గడ్డానికి ఆనుకుని. ఇంకా వెలుతురుంది. పక్కనుంచి వెళ్లేవాళ్లు చేతులు ఊపుతూనే ఉన్నారు. వదిన వాళ్లకి తిరిగి చెయ్యి ఊపుతూ, మధ్యలో "మెల్లగారా కృష్ణా, ఇది నీ ఆఫీసు లిఫ్టు కాదు" అని తమ్ముడిని కసురుతోంది.

అపూర్వ నా చెవిలో అంది. "ఐ డిడ్ ఆస్క్ హర్, మమ్. యూ టోల్డ్ మీ ఆఫ్."

మే నెలలో నేను తిట్టిన తిట్లే గుర్తుచేసింది. దాని తల నా భుజానికి ఆనించుకున్నాను. పర్లీ వే మీద ఐకియా కొట్టు దగ్గర నిలిచిన పాత పవర్ స్టేషన్ పొగగొట్టాలు రెండూ కనబడగానే వదిన చెయ్యి చాపి చూపించింది. "హమ్మయ్య. అవి కనపడ్డాయంటే ఇల్లొచ్చేసినట్టే."

తర్వాత జీపీ అనే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, రక్తపరీక్షలు, స్కాను, మతిమరుపు చూసే మెమరీ క్లినిక్, అన్నీ అయ్యేసరికి నాలుగు నెలలు. వదిన రిటైరయ్యేదాకా రిసెప్షనిస్టుగా చేసిన జీపీ క్లినిక్కుకే ముందు వెళ్లాం. క్రోయిడన్ తెలుగువాళ్లలో సగం మంది పిల్లల టీకాల తేదీలు ఆ కౌంటర్ వెనక నుంచి ఫోన్ చేసి గుర్తుచేసిన మనిషి. ఆ రోజు తన పేరు పిలిస్తే పక్కనున్నవాళ్ల వైపు చూసింది.

మనవాళ్లయితే బయటికి పిలిచి మా చెవిలో చెప్పేవాళ్లు. ఇక్కడి డాక్టరు వదిన ఎదురుగానే, వదినకే చెప్పింది. మెదడు మెల్లగా అరిగిపోయే జబ్బు, మందులతో కొంచెం నెమ్మదిస్తుంది గానీ నయం కాదు అని. వదిన శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది.

"అయితే నా కారు?"

ఇక నడపకూడదు. లైసెన్సు ఆఫీసుకి తెలియజెయ్యాలి. డాక్టరు ఆ మాట ఎంతో మెత్తగా చెప్పింది. జబ్బు పేరు చెప్పినప్పుడు కదలని మనిషి, ఆ మాటకి స్కార్ఫు కొంగు తీసి కళ్లు వత్తుకుంది.

కారు అమ్మేద్దామన్నాడు మా ఆయన. కళ్లెదురుగా ఉంటే వెళ్లాలనే ఉంటుంది కదా, వెళ్లి ఎవరినన్నా గుద్దితే, లేదా తనే ఏ లారీ కిందో పడితే ఎలా అని. ఆయన అన్నదాంట్లో తప్పేముంది. ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు.

మర్నాడు వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతుంటే వదిన వచ్చి పక్కన కూర్చుంది. తనూ నాలుగు కాయలు తీసుకుంది.

"తాళాలు మాత్రం నా మేకుకే ఉండనివ్వవే. దాచెయ్యకండి. వెతుక్కుని, కనపడక, మీరు దాచారని తెలిసిందనుకో, నేను పిచ్చిదాన్నైపోయానని ఆ పూటకి ఆ పూట కొత్తగా తెలుస్తుంది నాకు. రోజూ తెలుస్తుంది. అది నేను పడలేను."

"మీరు నడపకూడదు కదా వదినా."

"నడపను. గుర్తున్నన్నాళ్లు నడపను."

"గుర్తు లేనప్పుడు?"

"అప్పుడు నువ్వు చూసుకో" అంది, ఈనె తీసిన చిక్కుడుకాయ నా గిన్నెలో వేస్తూ.

మాటిచ్చాను. మా ఆయన బ్యాటరీ వైరు పీకేస్తానన్నాడు. వద్దన్నాను. బండి కదలకపోతే చెడిపోయిందనుకుని బెంగపెట్టుకుంటుంది, తాళాలు దాచినా వైరు పీకినా ఒకటే అన్నాను. "అయితే నీదే పూచీ" అన్నాడు. బండికి టాక్సు ఆపేసి, ఇక రోడ్డెక్కదని లైసెన్సు ఆఫీసుకి ఆన్‌లైన్‌లో చెప్పేశాడు. ఇంటిముందు కారు పెట్టుకునే డ్రైవ్ మీద, గోడవైపు ముక్కు తిప్పి పెట్టాడు. అంతే.

వారమైనా తిరక్కుండానే వదిన పొద్దున్నే స్కార్ఫు కట్టుకుంది. తాళాలు తీసుకుంది. "బయల్దేరుతున్నా" అంది, ఏమీ జరగనట్టే, ఎప్పటి గొంతుతోనే. నేను వంటింట్లోంచి పరుగున వచ్చాను. ఆపితే ఎందుకాపుతున్నావంటుంది. జబ్బు సంగతి చెబితే అప్పుడే కొత్తగా విన్నట్టవుతుంది. చెయ్యి పట్టుకోనా, తలుపుకి అడ్డం పడనా. ఆవిడ గడప మీద కాలు పెట్టింది. నా నోట్లోంచి అదే వచ్చేసింది.

"ఎక్కడికి వదినా?"

వదిన గిర్రున తిరిగింది. "ఏమే, ఈ ఇంటికొచ్చి ఎన్నేళ్లయింది నీకు? చంటిపిల్లవా? బయల్దేరే మనిషిని అడిగే మాటేనా అది?"

"నోరుజారింది వదినా. కూర్చోండి, నీళ్లు తెస్తా."

గొణుక్కుంటూ వచ్చి కూర్చుంది. నీళ్లు తాగింది. కాసేపటికి ఆ కోపం పోయింది, కోపంతో పాటు ప్రయాణమూ పోయింది. "ఇవాళ ఏం కూర?" అని అడిగింది. నేను తాళాలు తీసుకెళ్లి ఆవిడ మేకుకే తగిలించి, స్నానాల గదిలోకెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అప్పట్నుంచీ అదే మా రోజు. ఆవిడ బయల్దేరడం, నేను ఎక్కడికని అడగడం, ఆవిడ తిట్టడం, నీళ్లు, సోఫా. జనవరిలో స్కూళ్లు మళ్లీ తెరిచాక నేను పని మానేశాను. హెడ్ టీచర్ కారణమడిగితే మా వదినకి నీళ్లివ్వాలి అన్నాను. ఆవిడకేం అర్థమైందో తెలియదు.

ఏ రోజు తిట్లు ఆ రోజువే. "మీ అమ్మ ఏం నేర్పిందే నీకు" అన్న రోజుంది. "కావాలనే అడుగుతావు, నా పనులు కావడం నీకిష్టం లేదు" అన్న రోజూ ఉంది. ఒకసారి పుష్పలీల ఆంటీ చూడ్డానికొచ్చి ఆ తంతు చూసి, "అన్నేసి మాటలు ఎలా పడుతున్నావమ్మా హైమా" అంది. నాకా తిట్లు ఎంత కావాలో ఆంటీకెలా చెప్పను. ఆవిడ తిట్టినంత సేపూ మా వదిన నిండుగా నా ఎదురుగా ఉన్నట్టే. గద్దిస్తూ, పద్ధతులు నేర్పిస్తూ, ఎప్పటిలాగే ఉన్నట్టే. పొద్దున్నే ఆ కోపం కోసం ఎదురుచూసేదాన్ని.

ఆదివారాలు మా ఆయన పొడవాటి వైరు బయటికి లాక్కెళ్లి కారు బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టేవాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. సాయంత్రాలు ఆ కారు రేడియో మోగేది.

ఆ ఏడు సెప్టెంబరు ఆఖర్లో ఒకరోజు, ఎండ అంతా అయిపోయిందనుకున్నాక మళ్లీ కాసింది. మధ్యాహ్నం వదిన లేచింది. స్కార్ఫు ముడి పడలేదు, ఒకవైపు వేలాడుతోంది. తాళాలు తీసుకుంది. బయల్దేరుతున్నానని చెప్పలేదు. నేను గుమ్మం దాకా వెళ్లి, ఎప్పటిలాగే అడిగాను.

"ఎక్కడికి వదినా?"

ఆవిడ ఆగింది. నేను తిట్టు కోసం చూశాను. వదిన నా మొహంలోకి చూసింది, బళ్లో లెక్క అడిగితే రాని పిల్లలాగా. కోపం లేదు. శకునం లేదు. ఆలోచించింది, నిజంగా నాకు జవాబు చెబుదామనే ఆలోచించింది.

"ఏమోనే" అంది. "నాకూ తెలీడం లేదు."

వెనక్కి రాలేదు. నీళ్లు అడగలేదు. డ్రైవ్ మీదికి నడిచి, కారు చుట్టూ తిరిగి, ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చుంది. ఆ కారు కొన్నాక ఆవిడ తనంతట తాను ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. అది నా సీటు. కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది. ఆ చేతిలో తాళాలు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను. తాళాలు తీసుకుని కుడివైపు ఎక్కాను. ఎప్పుడూ కూర్చోలేదు అక్కడ. సీటు ఆవిడ కాళ్లకి సరిపోయేట్టు ముందుకి జరిగి ఉంది, నా మోకాలు స్టీరింగుకి కొట్టుకుంది. టాపు తియ్యడం ఆవిడ తియ్యగా చూసిందే, కొక్కేలు విప్పి వెనక్కి మడిచాను. ఎండ మా మీద పడింది. తాళం సగం తిప్పితే రేడియో మాట్లాడింది. ఎదురుగా మా ఇంటి గోడ, పక్కింటివాళ్ల బిన్ను. స్కార్ఫు ముడి సరిచేసి కట్టాను. చిన్నపిల్లలా గడ్డం ఎత్తి కట్టించుకుంది.

కుదురుగా కూర్చున్నాక, నా వైపు తిరిగి, ఎంతో మామూలుగా అడిగింది.

"ఎక్కడికి హైమా?"

ఇన్నేళ్లలో ఆ మాట ఆవిడ నోట వినలేదు. ఆవిడ నోట రాకూడని మాట అది. నాకేదో ఒక ఊరు పేరు చెప్పేయాలనిపించింది, బ్రైటనో, తెనాలో. ఇక రేపట్నుంచి ఆవిడని ఆపడానికి నా దగ్గర ఏ మాటా లేదు. ఆపాల్సిన పనీ లేదు.

కారు దిగాను. ఇంట్లోకెళ్లి రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చాను. ఒకటి ఆవిడకిచ్చి, మళ్లీ ఎక్కి కూర్చుని నాది తాగాను. నేను తాగుతుంటే చూసి ఆవిడా తాగింది. ఖాళీ గ్లాసులు రెండూ నా ఒళ్లో పెట్టుకున్నాను. కాసేపు కూర్చున్నాం. రేడియోలో పాట అయిపోయి ఇంకో పాట వచ్చింది. వీధిలో పోతున్న తపాలా అతను కారుని చూసి నవ్వి, చెయ్యి ఊపాడు. వదినా ఊపింది.

ఆ తర్వాత నా చేతి మీద చెయ్యి వేసింది.

"నీళ్లు తాగాం కదా. ఇంక ఫరవాలేదు" అంది. "పద."

నేను రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాను.